అరచేతిలో సైనికుడు

గత సంవత్సరం మా ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు ఒక చిన్న పెట్టెను తెచ్చి నా బల్లమీద పెట్టాడు. దుబాయిలో ఉద్యోగం చేస్తున్న అతని అన్న సెలవుకు వస్తూ తెచ్చినదట. లోపల బొటనవ్రేలి కణుపంత ప్లాస్టిక్ సైనికులు పదిమంది ఉన్నారు. వారికి రంగులు వేయాలి. తరువాత ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, టేపుతో దూరం కొలుచుకుంటూ, నియమాల ప్రకారం బల్లమీద పోరు నడపాలి. “సార్, కాలేజీలో దీనికి ఒక గది ఇప్పిస్తారా?” అని అడిగాడు. “డిగ్రీ చదివేవాడికి బొమ్మలాట ఏమిటి?” అని మందలించి పంపివేశాను. నా మందలింపు తొందరపాటని తరువాత తెలిసినది. ఆ తొందరపాటును దిద్దుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ వ్యాసంగమేమిటో చెప్పాలి. బల్లమీద ఆడే యుద్ధక్రీడలు అనేక విధాలు. వాటిలో చిరుపోరు అనదగినది ఒకటున్నది. ఆంగ్లంలో దానిని స్కిర్మిష్ అంటారు. పెద్ద యుద్ధక్రీడలలో ఒక బొమ్మ ఒక దళానికి గుర్తు కావచ్చు. చిరుపోరులో మాత్రం ఒక బొమ్మ అంటే ఒక్క మనిషే. ఒక్కొక్క పక్షాన పదిమందో పదిహేనుమందో ఉంటారు. మూడడుగుల బల్ల చాలు. ఆట గంట రెండు గంటలలో ముగుస్తుంది. కాని ఆటకు ముందు జరిగే పని వారాల తరబడి సాగుతుంది. మొదట పలుచని అస్తరు, దానిమీద మూలవర్ణం, ముడతలలోకి దిగే పలుచని నలుపు, చివరకు ఎత్తులమీద లేత రంగు. అన్నింటికన్న కష్టమైనది కన్ను పెట్టడం. ఊపిరి బిగబట్టి, రెండు మూడు వెంట్రుకల కుంచెతో చేయవలసిన పని అది.

ఇది విదేశీ విలాసమని కొందరనవచ్చు. కాని యుద్ధాన్ని బల్లమీదికి తెచ్చిన ఘనత మన దేశానికీ ఉన్నది. గజ, తురగ, రథ, పదాతులతో కూడిన చతురంగం పారశీకానికి వెళ్లి చత్రంగ్ అయినది; అరబ్బుల నోట షత్రంజ్ అయి ఐరోపా చేరినది. 1824లో ప్రష్యా దేశపు సైనికాధికారి రైస్విట్జ్, తన తండ్రి ప్రారంభించిన పనిని పూర్తిచేసి, పటంమీద ఆడే యుద్ధక్రీడకు నియమావళిని ప్రకటించాడు. సైనికాధికారుల శిక్షణకు దానిని వాడుకున్నారు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో బొమ్మ సైనికులతో ఇంట్లో నేలమీద ఆడే ఆటను వర్ణించాడు. నిజమైన యుద్ధానికి బదులు ఈ చిన్న యుద్ధాలతో తృప్తిపడితే లోకానికి మేలని ఆయన వాదం. లోకం వినలేదు, మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినది.

ఇక చేతిపనికి వస్తే, మనకు గురువులను దూరాన వెదకవలసిన అవసరం లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని బాలల విభాగంలో బొమ్మ సైనికులు బారులు తీరి ఉంటారు. చూడనివారు వెళ్లి చూడాలి. అవి పరదేశపు బొమ్మలంటారా? నిర్మల్, కొండపల్లి కళాకారులు పొనికి కర్రతో ఏనుగును, అంబారీని, మావటిని అరచేతిలో నిలబెడతారు. చేర్యాల నకాషీలు రంపపు పొట్టును, చింతగింజల అంబలిని కలిపి బొమ్మకు రూపమిస్తారు. ఆ ‘నకాషీ’ అనే మాట మన ఉర్దూ విభాగం వారికి పరిచయమైన ‘నక్ష్’, ‘నక్కాష్’ల సంతానమే. గోలకొండ దర్బారులోని చిత్రకారులు వ్రేలెడు కాగితంమీద రాజదర్బారును చూపించారు. అటువంటి చిత్రాలను మినియేచర్ అంటున్నామే, ఆ పదం కూడా చిన్నతనాన్ని బట్టి పుట్టినది కాదు. వ్రాతప్రతులలో వాడిన ‘మినియమ్’ అనే సింధూరవర్ణం నుండి పుట్టినది. కావున కుంచె పట్టిన మా విద్యార్థి పరాయివాడి ఇంట అడుగుపెట్టలేదు. చాలాకాలం తరువాత సొంత ఇంటి తలుపు తట్టాడు.

మన కాలేజీలో పెద్దలు వేసే ప్రశ్నలు రెండున్నవి. అవి న్యాయమైనవే కనుక దాటవేయరాదు. మొదటిది పాచికల విషయం. పందెం లేకున్నా పాచిక అంటేనే అయిష్టపడే పెద్దలు మనలో ఉన్నారు. ఆ అయిష్టానికి హదీసుల ఆధారం ఉన్నది. వెల్స్ ఆటలో పాచికలతో పనిలేదు. చిన్న స్ప్రింగు ఫిరంగితో గురిచూసి బొమ్మలను పడగొట్టడమే. దగ్గరి పోరు ఫలితాన్ని ఇరుపక్షాల బలాల లెక్కే తేల్చేది. మనమూ అటువంటి నియమాలు కూర్చుకొనవచ్చు. పందెం మాత్రం ఏ రూపంలోనూ గది గడప దాటి లోపలికి రాకూడదు. రెండవది ప్రతిమల విషయం. హజ్రత్ ఆయిషా చిన్ననాడు బొమ్మలతో ఆడుకున్నారనీ, వాటిలో రెక్కల గుర్రం ఒకటి ఉన్నదనీ హదీసు గ్రంథాలలో ఉన్నది. దానిని ఎంతవరకు అన్వయించాలన్న విషయంలో విద్వాంసులలో భిన్నాభిప్రాయాలున్నవి. నేను తెలుగు అధ్యాపకుడనే కాని ముఫ్తీని కాను, తీర్పు చెప్పను. మనసొప్పనివారు ముఖాల జోలికి పోకుండా కోటలు, బురుజులు, చెట్లు కట్టవచ్చు. పూర్వం ముస్లిం దేశాలలో షత్రంజ్ పావులను ఏనుగు, గుర్రమని ఆకృతి చెక్కకుండా, నున్నని గుర్తులుగానే మలిచినవారు ఎందరో ఉన్నారు.

వీటికన్న బరువైన ప్రశ్న మరొకటి ఉన్నది. దానిని నాకు నేనే వేసుకున్నాను. యుద్ధాన్ని ఆటగా ఆడడం తగునా? ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన ‘షత్రంజ్ కే ఖిలాడీ’లో అవధ్ రాజ్యం చేజారిపోతుంటే ఇద్దరు జాగీర్దారులు పావులు జరుపుతూ కూర్చుంటారు. పావులమీద ప్రేమ పెరిగి మనుషులమీద తగ్గితే జరిగేది అదే. ఈ భయంతోనే ఒక సాయంత్రం ఆ విద్యార్థి ఇంటికి వెళ్లాను. నలుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒకడి సెల్‌ఫోను మూలన పడి మ్రోగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆట మధ్యలో మా వాడు ఒక సైనికుణ్ణి ముందుకు జరపబోయి ఆగిపోయాడు. ఎందుకని అడిగాను. “వీడికి కళ్లు పెట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది సార్. ఊరికే చావడానికి ముందు వరుసలో పెట్టలేను” అన్నాడు.

ఆ మాట విన్న తరువాత నా అభిప్రాయం మారినది. సెల్‌ఫోను ఆటలో ఒక గంటలో వందమందిని చంపవచ్చు. వారెవరికీ ముఖం ఉండదు. చరిత్ర పుస్తకంలో ‘పదివేలమంది మరణించిరి’ అని చదివి పేజీ త్రిప్పుతాము. ఆ పదివేలకూ ముఖం ఉండదు. ఒక్కడికి కన్ను దిద్దినవాడు మాత్రం ఆ అంకెను అంత సులభంగా దాటలేడు. ఈ వ్యాసంగం వల్ల ఏకాగ్రత అలవడుతుంది, వ్రేళ్లకు నేర్పు వస్తుంది. కాని నేను దీనిని సమర్థించడానికి అసలు కారణం అది కాదు. ఒక్క ప్రాణం వెల ఇది నేర్పగలదన్నదే అసలు కారణం.

అయితే ఆ పాఠం దానంతట అది రాదు. బల్లమీద పడిన బొమ్మ మరునాడు లేచి నిలబడుతుంది. దానికి తల్లి లేదు, భార్య లేదు. ఈ లోపాన్ని పూరించవలసినది అధ్యాపకులే. అందుకు మనకు గంట ప్రయాణమైనా లేని గోలకొండ కన్న మంచి పాఠ్యాంశం ఏమున్నది? 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు కోటను ముట్టడించినవి. చివరకు సెప్టెంబరులో, ఒక రాత్రి, లోపలివాడి ద్రోహం వల్ల తలుపు తెరుచుకున్నది. అంతకు ముందే ఔరంగజేబు చూపిన ప్రలోభాలను తిరస్కరించిన అబ్దుల్ రజాక్ లారీ, జీను లేని గుర్రమెక్కి, పదిపన్నెండుమంది అనుచరులతో ఆ ప్రవాహానికి ఎదురునిలిచాడు. ఒంటిమీద సుమారు డెబ్బై గాయాలతో స్పృహతప్పి పడి ఉన్న అతనికి ఔరంగజేబు స్వయంగా వైద్యులను పంపించాడని ఖాఫీ ఖాన్ చరిత్రలో ఉన్నది. పదిపన్నెండుమంది! ఒక్క బల్లకు, ఒక్క పెట్టెకు సరిపోయిన సంఖ్య. ఆ పదిమందికి రంగులు వేసిన విద్యార్థి ఫతే దర్వాజా క్రింద నిలబడినప్పుడు చూచేది వట్టి రాళ్లను కాదు.

2008 మార్చిలో విమానాశ్రయం తెరిచిన నాటినుండి శంషాబాదు రూపురేఖలు మారిపోయినవి. పొలాలు ప్లాట్లయినవి; ఖాళీ జాగాలకు ప్రహరీలు లేచినవి. పిల్లలు ఆడుకునే చోటు తగ్గి, ఫోను తెరలోని చోటు పెరిగినది. అన్నలు, తండ్రులు గల్ఫులో ఉన్న ఇళ్లలో సాయంత్రాలు మరీ దీర్ఘమైనవి. అటువంటి ఇళ్లకు పెట్టెలు విమానంలో రావచ్చు. అన్నలు గల్ఫులో లేని పిల్లల మాటేమిటి? దిగుమతి బొమ్మలే కావాలంటే ఇది కలిగినవారి వేడుకగానే మిగులుతుంది.

కావున కమిటీ పెద్దలకు నా మనవి స్వల్పం. వారానికి రెండు సాయంత్రాలు ఒక గది, ఒక పాత బల్ల, దీపం, కొన్ని ఆక్రిలిక్ రంగులు, కుంచెలు. గోడలకు థర్మాకోలు, బొమ్మలకు పొట్టు, చింతగింజల అంబలి చాలు. సంవత్సరానికి ఒకసారి చేర్యాల నుండి ఒక నకాషీ కళాకారుణ్ణి పిలిపించి, తగిన పారితోషికమిచ్చి, పిల్లలకు పని చూపించాలి. నియమాలను ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు కలిసి రెండు భాషలలో వ్రాయాలి. ప్రతి ఆట ముగిసిన తరువాత పడిపోయిన బొమ్మలను లెక్కించి, ఆ పోరులో నిజంగా ఏమి జరిగినదో ఒక విద్యార్థి చదివి వినిపించాలి. ఈ చివరి నియమాన్ని మాత్రం సడలించవద్దు.

ఆ విద్యార్థికి నేను క్షమాపణ చెప్పుకున్నాను. అతడు నవ్వి, రంగు వేయని సైనికుణ్ణి ఒకణ్ణి నా చేతిలో పెట్టాడు. నా చేయి వణికి వాడి కన్ను ఒకటి వంకర పోయినది. అయినా వాడిని పారవేయలేదు. ఇప్పటికీ నా బల్లమీదనే ఉన్నాడు.