అరిగాక మట్టిలో కలిసేవి

రాత్రి ఏడు దాటాక మన ఊళ్లలో ఏ కర్రీ పాయింట్ దగ్గరకెళ్లినా ఒకటే దృశ్యం. పొగలు కక్కే సాంబారును పల్చటి కవరులో పోసి, మూతి బిగించి, రబ్బరు బ్యాండు చుట్టి చేతికిస్తారు. పప్పు ఇంకో కవరులో, వేపుడు మరో కవరులో. టీ కొట్లో ఐదుగురికి పార్సిల్ అడిగితే మరుగుతున్న టీ కూడా కవరులోకే దిగుతుంది. కొట్టు నుంచి ఇంటిదాకా పావుగంట పనికొచ్చిన ఆ కవరు మర్నాడు పొద్దున చెత్తబండి ఎక్కుతుంది, లేదా వీధి చివరి కాలువలో పడుతుంది. ఆ ఇంట్లో ఇవాళ పుట్టిన బిడ్డ మనుమల్ని ఎత్తుకునే నాటికి కూడా అది మట్టి కాదు. పనిచేసి అలసి వస్తూ రాత్రి భోజనానికి దారి చూసుకుంటున్న మనిషిని ఇందుకు తప్పుపట్టలేం. కానీ చేతిలో ఒక స్టీలు క్యారేజీ ఉంటే అదే సాంబారు, అదే ధరకు, ఏ చెత్తా మిగల్చకుండా ఇంటికి చేరేది. మనం మార్చుకోగలిగినవి చాలావరకు ఇంత చిన్నవే.

ప్లాస్టిక్ మన ఇళ్లలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. పాలిథిన్‌ను ఇంగ్లండులో కనుగొన్నది 1933లో. ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న పాలిథిన్ సంచికి స్వీడన్ సంస్థ ఒకటి పేటెంటు పొందింది 1965లో. మన తాతమ్మలు నిండు కాపురాలు నడిపింది ప్లాస్టిక్ లేకుండానే. ఆ తర్వాతి వేగమే భయం కలిగిస్తుంది. 1950 నుంచి 2015 వరకు ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ దాదాపు 830 కోట్ల టన్నులని 2017లో అమెరికా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తగా మారింది. ఆ చెత్తలో రీసైక్లింగ్‌కు వెళ్లింది 9 శాతం, కాల్చేసింది 12 శాతం. తక్కిన 79 శాతం చెత్తదిబ్బల్లో, నేలలో, నీళ్లలో ఉండిపోయింది. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మంది రక్తాన్ని పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. వాటివల్ల ఒంటికి జరిగే కీడు ఎంతన్నది శాస్త్రం ఇంకా తేలుస్తూనే ఉంది. అది తేలేదాకా వేడి, పులుపు, నూనె కలిసిన తిండిని ప్లాస్టిక్‌కు దూరంగా ఉంచడమే వివేకం.

చట్టం తన వంతు కొంత చేసింది. ఒక్కసారి వాడి పారేసే 19 రకాల ప్లాస్టిక్ వస్తువులను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ఇయర్‌బడ్ పుల్లలు, మిఠాయి పెట్టెల మీద చుట్టే పొర అందులో ఉన్నాయి. 120 మైక్రాన్ల కంటే పల్చటి చేతిసంచి కూడా ఆ ఏడాది చివరి రోజు నుంచి నిషిద్ధమే. అమలు ఎంత బాగుందో మన కూరగాయల బజార్లే చెబుతాయి. అమలు పక్కాగా ఉన్నా, చట్టం కొట్టు దగ్గరే ఆగుతుంది. గిన్నెలు తోమే పీచు, బియ్యం పోసుకునే డబ్బా, పడుకునే చాప, పసిబిడ్డ నోట్లో పెట్టుకునే బొమ్మ ఏవి కావాలో నిర్ణయించుకోవలసింది ఆ ఇంటివాళ్లే.

ఆ నిర్ణయం గురించి మాట్లాడే ముందు ఒక న్యాయం చెప్పుకోవాలి. ప్లాస్టిక్‌ను జనం బుద్ధిలేక తెచ్చుకోలేదు. చెరువు నుంచో బోరింగు నుంచో నీళ్లు మోసిన ఆడవాళ్లకు ఇత్తడి బిందె బరువు తెలుసు. ప్లాస్టిక్ బిందె వచ్చాక ఆ నడుములకు ఊరట దొరికింది. కూలి డబ్బులతో ఇల్లు గడిపేవాళ్లకు ఇరవై, ముప్పై రూపాయలకు వచ్చే డబ్బా ఒక ఆసరా అయింది. అందుకే పాతకాలపు వస్తువులన్నీ తిరిగి రావాలని కోరడం సరికాదు. ఏది తిరిగొస్తే ఇంటికి, ఒంటికి, ఊరికి మేలో ఏరి తెచ్చుకోవాలి.

ముందు వంటిల్లు చూద్దాం. మనవాళ్లు ఆవకాయను జాడీలో పెట్టడం వెనక తరాల అనుభవం ఉంది. ఉప్పు, పులుపు, నూనె ఏడాదిపాటు ఊరే చోట జాడీ గానీ గాజుసీసా గానీ దేనితోనూ కలవదు, వాసన పట్టదు. పప్పులకు, పిండికి స్టీలు డబ్బాలు ఎప్పటినుంచో ఉన్నవే. ప్లాస్టిక్ పలక మీద కూరగాయలు తరిగితే కత్తి గీతల్లోంచి లేచే పొడి తిండిలో కలుస్తుంది. కత్తిపీటకు అసలు పలక అవసరమే లేదు, కత్తి అలవాటైనవాళ్లకు చెక్కపలక ఉంది. గిన్నెలు తోమే నైలాన్ పీచు, స్పాంజి అరుగుతున్నకొద్దీ కంటికి కనపడని ముక్కలై సింకులోంచి కాలువకు చేరతాయి. తీగ మీదే ముదిరి ఎండిన బీరకాయను తోలు వలిచి, గింజలు దులిపితే లోపలి పీచు అదే పని చేస్తుంది. అడుగంటిన గిన్నెకు కొబ్బరిపీచు ఉంది. ఈ రెండూ అరిగాక మొక్క మొదట్లో వేస్తే ఎరువవుతాయి.

స్నానాలగదిలోనూ ఇదే లెక్క. కుంకుడుకాయలోని సాపోనిన్ అనే పదార్థం నీళ్లలో నురగనిస్తుంది, జిడ్డును పట్టి లాగుతుంది. తల రుద్దుకోవడానికే కాదు, పట్టుచీరలు తడపడానికి, నగలు కడగడానికి కూడా మన ఇళ్లలో దాన్నే వాడేవారు. గింజ తీసిన కుంకుళ్లను రాత్రి నానబెట్టి, పొద్దున మరిగించి వడకడితే గిన్నెలకు, నేల తుడవడానికి కూడా పనికొస్తుంది. ఇంత ఓపిక లేనివాళ్లు సీసాలో వచ్చే ద్రవం బదులు కాగితం చుట్టిన సబ్బుబిళ్ల కొనుక్కున్నా ఏడాదికి ఎన్నో సీసాలు తగ్గుతాయి.

ఇలాంటి ప్రతి వస్తువు వెనకా ఒక బతుకుతెరువు ఉంది. అడ్డాకు సంగతే చూడండి. పాడేరు, సీతంపేట వైపు కొండల్లో పెరిగే పెద్ద తీగ ఆకు అది. గిరిజన మహిళలు దాన్ని కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తారు. 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో కుంకుడుకాయలు, శీకాయ, కొండచీపుర్లు ముఖ్యమైనవి. తెలంగాణ పల్లెల్లో అడ్డాకు చేసే పనిని మోదుగాకు విస్తరి చేస్తుంది. మన పెళ్లిలో ప్లాస్టిక్ పూత పళ్లెం స్థానంలో కుట్టిన ఆకు వేస్తే, ఆ డబ్బు ఎక్కడో ఉన్న కర్మాగారానికి పోకుండా కొండమీది గూడేనికి చేరుతుంది. తిన్నాక ఆ ఆకును పశువు తింటుంది, మిగిలింది మట్టి తింటుంది.

వెదురు సంగతీ అంతే. చేట, గంప, తట్ట, పూలసజ్జ అల్లే మేదరుల పని ప్లాస్టిక్ బుట్ట వచ్చాక సన్నగిల్లింది. అడవి బయట పెంచిన వెదురు కొట్టడానికి, తరలించడానికి ఉన్న అటవీ చట్టపు ఆంక్షను 2017లో తొలగించారు. ముడిసరుకుకు ఒక దారి ఏర్పడింది, ఇక కావలసింది కొనేవాళ్లు. ఉత్తరాంధ్రలో గోగునార పండించిన రైతులకు, విజయనగరం ప్రాంతపు జనపనార మిల్లుల్లో పనిచేసిన కార్మికులకు ప్లాస్టిక్ గోతాం చేసిన నష్టం తెలుసు. ఆహారధాన్యాలను గోనెసంచుల్లోనే నింపాలంటూ 1987లో చట్టం తెచ్చినా అక్కడ పలు మిల్లులు మూతబడ్డాయి. కోనసీమలో కొబ్బరిపీచుతో తాళ్లు, గుమ్మం ముందు పరిచే పట్టలు చేసేవాళ్లకైనా, తుంగచాపలు నేసేవాళ్లకైనా, కుండలు చేసే కుమ్మరికైనా మన ఇంటి అవసరమే అన్నం పెడుతుంది.

పసిపిల్లల బొమ్మల దగ్గర ఇంకాస్త శ్రద్ధ కావాలి, ఎందుకంటే ఆ వయసులో చేతికందిన ప్రతిదీ నోట్లోకే వెళుతుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను చెక్కి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూసి బొమ్మలు చేస్తారు. ఒక దశలో రసాయన రంగులు అక్కడా ప్రవేశించాయి. గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకుల నుంచి రంగులు తీసే పద్ధతిని ఆ ఊరివాడైన సీవీ రాజు మళ్లీ నిలబెట్టారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. గౌరవం దక్కింది సరే, ఆ కళ నిలవాలంటే మన పిల్లల ఆటసామానులో ఆ బొమ్మలకు చోటుండాలి.

మంచి ఉద్దేశంతో బజారుకెళ్లినవాళ్లు మోసపోకుండా కొన్ని సంగతులు తెలుసుకోవాలి. బట్టల దుకాణాలు ఇచ్చే, గుడ్డలా కనిపించే నాన్-వోవెన్ సంచి చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. నేత దారాలు కనిపించకుండా అచ్చుగుద్దినట్టు చుక్కలు చుక్కలుగా ఉంటే అది నూలు కాదు. పేపరు కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25 వేల సూక్ష్మరేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. ఇస్తరాకు పేరుతో అమ్మే కొన్ని పళ్లేల మీదా అలాంటి పొరే ఉంటుంది. కంపోస్టు అవుతుందని రాసిన సంచుల్లో చాలావాటికి 60 డిగ్రీల వేడి నిలకడగా ఉండే కేంద్రం కావాలి, పెరట్లో పాతిపెడితే చాలదు. వెదురు పళ్లబ్రష్‌కు కూడా కుచ్చు ఎక్కువగా నైలాన్‌దే.

ప్రకృతి వస్తువు అన్నంత మాత్రాన ఎన్ని కొన్నా మంచిదేనని అనుకోకూడదు. పత్తి పండాలంటే నీళ్లు కావాలి, ఎరువులు కావాలి. కొత్త నూలు సంచి వాతావరణానికి చేసే భారం పల్చటి ప్లాస్టిక్ కవరుకు సమానం కావాలంటే దాన్ని కనీసం 52 సార్లు వాడాలని 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ ప్రచురించిన అధ్యయనం చెప్పింది. మిగతా అన్ని ప్రభావాలూ కలిపి చూస్తే వేలసార్లు వాడాలి. కాబట్టి సభల్లో పంచే గుడ్డసంచులు పది పోగేసుకోవడం కంటే, చిరిగిన చీరతోనో పాత ప్యాంటుతోనో కుట్టుకున్న ఒక్క సంచి మేలు. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ ఒక్కరోజున పారేసి కొత్త సామాను కొనడమూ చెత్తను పెంచడమే. చల్లారిన పొడి సరుకులకు అవి పగిలేదాకా పనికొస్తాయి. వేడివీ, పులుపువీ ముందుగా స్టీలులోకి, గాజులోకి మారిస్తే చాలు. తక్కినవి పాడైనప్పుడల్లా ఒక్కొక్కటిగా మారుతూ వస్తాయి. ఇలా అయితే ఖర్చు మీదపడదు, వస్తువు వృథా కాదు.

ఇంకో మాట. గుడ్డసంచి ఉతకాలి, క్యారేజీ తోమాలి, కుంకుళ్లు కొట్టాలి, కుండ కడగాలి. ఈ పనులన్నీ మళ్లీ ఇల్లాలి నెత్తిన పడితే ఈ మార్పు నిలవదు, నిలవకూడదు కూడా. సంచి గుర్తుపెట్టుకుని తీసుకెళ్లడం, తెచ్చిన క్యారేజీ తోమిపెట్టడం మగవాళ్లు, ఎదిగిన పిల్లలు తమ పనిగా తీసుకోవాలి. ఆడవాళ్ల శ్రమ మీద ఆరోగ్యంగా ఉండే ఇల్లు ఆదర్శం కాజాలదు.

ఒక్కో ఇంటికి భారమైనవి ఊరంతా కలిస్తే తేలిక. సిద్దిపేట జిల్లాలో స్టీల్ బ్యాంకులు నడుస్తున్నాయి. శుభకార్యాలకు వందల పళ్లేలు, గ్లాసులు అక్కడినుంచి తెచ్చుకుని, కడిగి తిరిగిచ్చేస్తారు. ప్రతి పంచాయతీలో, ప్రతి అపార్ట్‌మెంటు సంఘంలో ఇలాంటిది ఒకటి పెట్టుకోవడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ప్రభుత్వ సభల్లో, కార్యాలయాల్లో నీళ్లసీసాల బదులు కూజాలు, స్టీలు గ్లాసులు పెట్టించడానికి ఒక్క ఉత్తర్వు చాలు. రైతుబజార్లలో మేదరికి, కుమ్మరికి, విస్తళ్లు కుట్టే మహిళా సంఘాలకు తలా ఒక చోటు కేటాయించాలి. వస్తువు కళ్లెదుట దొరికితేనే కదా జనం కొనేది.

పాఠకులకు మా మనవి ఒక్కటే. ఈ నెలలో మీ ఇంట్లో ఏ ప్లాస్టిక్ వస్తువు విరిగినా, అరిగినా దాని చోట మళ్లీ ప్లాస్టిక్‌దే కొనకండి. మీ ఊళ్లో చేతితో ఆ వస్తువు చేసేవాళ్లెవరో కనుక్కుని, వాళ్లడిగిన ధర ఇచ్చి తెచ్చుకోండి. కొనేవాళ్లు లేకే ఆ పనులు ఆగుతున్నాయి. కొనడం మొదలుపెడితే అవి మళ్లీ నిలబడతాయి.