కిరాయి చట్టం వచ్చినా, నడిపేవాళ్లేరి?

సిద్దిపేటలో నెలకు రెండు వేల రూపాయలకు ఇల్లు కిరాయికి దొరుకుతుందా అని సుభాష్ రోడ్డులో ఎవరినైనా అడిగి చూడండి. నవ్వి పంపిస్తారు. మన కిరాయి నియంత్రణ చట్టం మాత్రం ఇంకా ఆ రెండు వేల దగ్గరే నిలబడి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో చేసిన ఆ చట్టాన్ని తెలంగాణ యథాతథంగా తన పేరు మీదకు మార్చుకుంది. 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలు దాని కిందికి రావు. కట్టి పదిహేనేళ్లు నిండని భవనాలూ రావు. సిద్దిపేట కార్పొరేషన్ కాదు, మున్సిపాలిటీ. అంటే కిరాయి రెండు వేలు దాటిన ఇల్లు ఒక లెక్కన, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ రెండు లెక్కల్లోనూ చట్టానికి బయటే.

కొత్త కట్టడాలను శాశ్వతంగా మినహాయించడం చెల్లదని సుప్రీంకోర్టు 1983లోనే మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో తేల్చింది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలన్నిటినీ తప్పించిన క్లాజును కొట్టేసింది. ప్రభుత్వం ఆ తలుపు మూసి, పక్కనే కిటికీ తెరిచింది. శాశ్వత మినహాయింపు పోయి, ఏళ్ల లెక్కన మినహాయింపు వచ్చింది. దానికి తోడు కిరాయి పరిమితి. ఆ పరిమితిని 2005 తర్వాత పెంచాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది.

మరి ఇప్పుడు సిద్దిపేటలో కిరాయిలు దేని మీద నడుస్తున్నాయి? మాట మీద. కాదంటే పదకొండు నెలల స్టాంపు పేపరు మీద. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలన్న లెక్కతో పదకొండు నెలలు. గొడవైతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. దాని ప్రకారం నెలవారీ కిరాయిదారును ఖాళీ చేయమనడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. అప్పటికీ కదలకపోతే ఓనరు సివిల్ కోర్టుకెక్కాలి. ఆ కేసు ఎన్నేళ్లు పడుతుందో తెలిసిన ఓనరు కోర్టుకు పోడు, మోటరు బంద్ పెడతాడు. అడ్వాన్స్ రాని కిరాయిదారూ కోర్టుకు పోడు, ఆఖరి నెల కిరాయి ఎగ్గొట్టి సామాను బండికెత్తుతాడు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోవడమే ఇక్కడ అమలవుతున్న అసలు చట్టం.

ఈ ఊరికి ఇది కొత్త తలనొప్పి. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు, కమిషనరేటు వచ్చాయి. 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, 2023 జూన్‌లో ఐటీ టవర్, అదే ఏడాది అక్టోబరులో రైలు. వీటన్నిటి వెంటా బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, నర్సులు, హౌస్ సర్జన్లు, పిల్లల చదువు కోసం పల్లె నుంచి దిగినవాళ్లు వచ్చారు. వీళ్లలో చాలామందికి ఇక్కడ సొంతిల్లు ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. మరోవైపు గల్ఫ్ సంపాదనతో మేడ మీద మేడ లేపిన కుటుంబాలు ఉన్నాయి. ఓనరు దుబాయిలో ఉంటాడు, కిరాయి ఫోన్‌పేలో పడుతుంది, ఇల్లు చూసుకునేది బావమరిది.

కేంద్రం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ చిక్కుకు ఒక దారి చూపింది. కిరాయి ఎంతైనా సరే, రాతపూర్వక ఒప్పందం ఉండాలి. రెండు నెలల్లో రెంట్ అథారిటీకి తెలపాలి. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయికి మించకూడదు. కిరాయి పెంచాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, అదీ పగటిపూటే. గడువు దాటినా ఖాళీ చేయని కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలి. తగాదా అరవై రోజుల్లో తేలాలి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం తమ చట్టాలను ఈ దారిలోకి తెచ్చుకున్నాయి. మనం మాత్రం 1960 నాటి చట్టంతోనే నెట్టుకొస్తున్నాం.

అడ్వాన్స్ పరిమితి గురించి పత్రికలు చాలా రాశాయి. పది నెలల అడ్వాన్స్ గుంజే బెంగళూరుకు అది పెద్ద సంగతే. ఒకటి రెండు నెలలతో సరిపెట్టుకునే మన పట్టణాలకు దానితో ఒరిగేది తక్కువ. నా దృష్టిలో ఆ నమూనాలో మనకు పనికొచ్చే సెక్షన్లు ఎవరూ పట్టించుకోని 18, 19. ఓనరుకూ కిరాయిదారుకూ మధ్య ‘ప్రాపర్టీ మేనేజర్’ అనే మనిషిని చట్టం అక్కడ గుర్తించింది. ఓనరు అలాంటి మనిషిని పెట్టుకుంటే అతని పేరు, అతనికిచ్చిన అధికారపత్రం, ఏ పనులకు, ఎంతకాలానికి పెట్టుకున్నదీ కిరాయిదారుకు చెప్పాలి. కిరాయి వసూలు చేసి రసీదు ఇవ్వడం, అవసరమైన మరమ్మతులు చేయించడం, ఇల్లు తనిఖీ చేయడం, నోటీసులివ్వడం, తగాదాలు సర్దడం ఆ మనిషి బాధ్యతలు. ఇంత పని అప్పగించి, ఆ పని చేసేవాడికి ఏం తెలిసి ఉండాలో మాత్రం చట్టం ఒక్క ముక్క చెప్పలేదు.

సిద్దిపేటలో ఇప్పుడు ఆ పనులు ఎవరు చేస్తున్నారో చూడండి. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో సెల్లారు మూలన, మెట్ల కింది గదిలో వాచ్‌మన్ దంపతులుంటారు. తెల్లవారుజామున మోటరు వేసేది అతనే, సంపు నిండిందా అని మూత ఎత్తి చూసేది అతనే. టూలెట్ బోర్డు కింద ఉండేది అతని నంబరే. ఇల్లు చూపించేదీ, “మీరేమిట్లు?” అని కులం ఆరా తీసేదీ అతనే. అడగమన్నది పై అంతస్తు ఓనరు. లిఫ్టు ఆగితే మొదట తిట్లు తినేదీ అతనే. ఆమె మెట్లు ఊడుస్తుంది, నాలుగు ఫ్లాట్లలో గిన్నెలు తోముతుంది. ఇద్దరికీ కలిపి ఒక జీతం. ఇక అసోసియేషన్ సెక్రటరీ. రిటైరైన సారో, ఎవరూ ముందుకు రాకపోతే మొహమాటానికి ఒప్పుకున్న బ్యాంకు ఉద్యోగో అయి ఉంటాడు. మెయింటెనెన్స్ లెక్కలు వాట్సాప్ గ్రూపులో పెట్టి, తిట్లు కూడా అక్కడే పడతాడు. మూడోవాడు బ్రోకరు. ఒక నెల కిరాయి కమీషన్ తీసుకుని, తాళం చెవి చేతిలో పెట్టాక ఫోనెత్తడు.

చట్టాల్లోని వింత ఇక్కడే ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీ ద్వారా వచ్చే గార్డుకు 2005 నాటి చట్టం, దాని నమూనా నిబంధనల ప్రకారం 160 గంటల శిక్షణ తప్పనిసరి. అదే గేటు దగ్గర నేరుగా పెట్టుకున్న వాచ్‌మన్‌కు ఒక్క గంట కూడా అక్కర్లేదు. ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలి. కిరాయికి ఇప్పించే ఏజెంటు అక్కర్లేదు, ఎందుకంటే 2016 నాటి రెరా చట్టంలో ఏజెంటు అంటే అమ్మకానికి మధ్యవర్తి మాత్రమే. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష పెట్టింది. అదీ అమ్మకాల వరకే.

మన నమూనా చట్టం వచ్చిన జూన్‌లోనే జపాన్‌లో కిరాయి ఇళ్ల నిర్వహణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. అక్కడ 200 ఇళ్లు, అంతకు మించి నిర్వహించే సంస్థ నమోదు కావాలి, దాని ప్రతి ఆఫీసులో అర్హత ఉన్న మేనేజరు ఒకరుండాలి. వాళ్లు చట్టాన్నీ మనిషినీ కలిపి తయారు చేసుకున్నారు. అమెరికాలో అపార్ట్‌మెంట్ నడపడం ఒక పరిశ్రమ. నేషనల్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మేనేజర్లకు సర్టిఫికెట్ కోర్సులు నడుపుతుంది. డాలస్‌లో చదివే మన పిల్లలు లీజింగ్ ఆఫీసులో కూర్చున్న మేనేజరును చూసే ఉంటారు. ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లో, ఏం కోశారో జాబితా రాసి మిగతా డిపాజిట్ తిరిగివ్వాలని టెక్సస్ చట్టం. ఆ జాబితా రాయడం వచ్చినవాడు ఉన్నాడు కనుక చట్టం నడుస్తోంది. అయితే ఆ దేశాన్ని మొత్తంగా నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఓనర్లు తమ లెక్కలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పోసి కిరాయిలు కుమ్మక్కుగా పెంచుకునే వీలు కల్పించిందని రియల్‌పేజ్ కంపెనీ మీద అక్కడి న్యాయశాఖ 2024 ఆగస్టులో దావా వేసింది. శిక్షణ ఎవరి పక్షాన నిలబడి ఇస్తారన్నది కూడా చూసుకోవాలని అర్థం. ఓనర్ల సంఘాలకో, బిల్డర్లకో వదిలేస్తే కిరాయి పిండుకోవడమే పాఠమవుతుంది.

సిద్దిపేటలో ఓనరే లేని అపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. నర్సాపూర్ దగ్గరి కేసీఆర్ నగర్‌లో 2,460 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను 2020 డిసెంబరు 10న ప్రారంభించారు. జీ ప్లస్ టూ బ్లాకులు. అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు అన్నది ఈ పథకం షరతు. పెంకుటింట్లో, రేకుల షెడ్డులో ఉన్న కుటుంబం ఒక్కసారిగా ఉమ్మడి మెట్లు, ఉమ్మడి ట్యాంకు, ఉమ్మడి డ్రైనేజీ ఉన్న చోటికి వచ్చింది. పై ఇంటి బాత్రూం కింది ఇంటి సీలింగులో కారితే ఎవరు బాగు చేయించాలి? మోటరు కాలితే ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలి? పంచేది ప్రభుత్వం, కట్టేది కాంట్రాక్టరు. నడిపేవాడు ఎవరన్నది ప్రారంభోత్సవం రోజు ఎవరూ అడగరు. ఎక్కడ డబుల్ బెడ్‌రూమ్ కాలనీ కట్టినా ఈ ప్రశ్న వెంటే ఉంటుంది. నిర్వహణ శిక్షణ మొదలుపెట్టాలంటే నేనైతే ఖరీదైన గేటెడ్ కమ్యూనిటీలో కాదు, ఇలాంటి బ్లాకుల్లోనే మొదలుపెడతాను. బ్లాకుకొకరు, ముఖ్యంగా అక్కడి మహిళా సంఘాల్లో లెక్క రాయడం అలవాటైనవాళ్లు.

ఏం నేర్పాలి? నమూనా చట్టం రెండో షెడ్యూలే సగం పాఠ్యపుస్తకం. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపులు మార్చడం, వైరింగు ఓనరు వంతు. నల్లా వాషర్లు, స్విచ్చులు, తాళాలు, పగిలిన అద్దాలు, డ్రెయిన్ శుభ్రం కిరాయిదారు వంతు. ఇల్లు ఖాళీ చేసే రోజు “రంగుల పైసలు” అంటూ జరిగే పంచాయితీల్లో సగం ఈ పట్టిక తెలిస్తే లేవనే లేవవు. ఇల్లు అప్పగించే రోజు ఇద్దరి ఎదుటా ఫోనులో ప్రతి గదీ ఫొటో తీసి ఇద్దరికీ పంపడం నేర్పాలి. కరెంటు సబ్‌మీటరు రీడింగు రాయడం, రసీదు ఇవ్వడం నేర్పాలి. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరమని, దింపినవాళ్లు జైలుకు పోతారని సెక్రటరీకీ వాచ్‌మన్‌కూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంకొకటి ఏ నమూనా చట్టంలోనూ లేదు, మన దగ్గర మాత్రం ఉంది. కిరాయి ఇంట్లో ఉండే మనిషి దవాఖానలో పోతే శవాన్ని గడప తొక్కనివ్వని ఓనర్లున్నారు. రోడ్డు పక్కన టెంటు వేసుకుని, అక్కడే ఏడ్చి, అక్కడి నుంచే తీసుకుపోయిన కుటుంబాలున్నాయి. కర్మ అయ్యేదాకా ఆ కుటుంబాన్ని లోపలికి రావొద్దన్న సందర్భాలూ ఉన్నాయి. నిజానికి ఇది ఓనరుకున్న హక్కేమీ కాదు. కిరాయి కడుతున్నంతకాలం అడ్డంకి లేకుండా అనుభవించే హక్కు కిరాయిదారుకు 1882 చట్టమే ఇచ్చింది. ఒప్పందం గడువు ఉన్నంతవరకు వారసులకూ అది దక్కుతుందని కొత్త నమూనా చెబుతోంది. ఆ అర్ధరాత్రి ఓనరుకు ఫోను చేసి, “అన్నా, ఆపడానికి మనకు హక్కు లేదు” అని చెప్పగల మనిషి ఒకడు కావాలి. వాచ్‌మన్ చెబితే ఓనరు వినడు. సర్టిఫికెట్టు, నమోదు నంబరు, పోలీసు స్టేషన్‌లో పరిచయం ఉన్న మేనేజరు చెబితే కొంతైనా వింటాడు. కులం అడగకూడదని, మాంసం తింటారా అని అడగకూడదని నమూనా చట్టంలో లేదు. తెలంగాణ రాసుకునే చట్టంలో ఆ వాక్యం చేర్చితే ఎవరూ అడ్డు చెప్పరు.

ప్రతిదానికీ లైసెన్సు అంటే లంచం పెరుగుతుందన్న అభ్యంతరం వస్తుంది, అది అన్యాయమైన అభ్యంతరమూ కాదు. కింద తాముండి పైన ఒక పోర్షన్ కిరాయికిచ్చుకునే పెన్షనరు పరీక్ష రాయాల్సిన పనిలేదు. పది, పదిహేను ఇళ్లకు మించి ఇతరుల తరఫున చూసుకునేవాళ్లకు, కమీషన్ మీద కిరాయికి ఇప్పించేవాళ్లకు, అసోసియేషన్ జీతమిచ్చి పెట్టుకునేవాళ్లకు నమోదు చాలు. కోర్సు నెలలు సాగనక్కర్లేదు. నిర్మాణ పనులు నేర్పడానికి 1998 నుంచి హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేశారు. కట్టేవాళ్లను తయారుచేస్తున్నాం, కట్టినదాన్ని చూసుకునేవాళ్లకు కూడా ఒక బ్యాచి నడపడం అసాధ్యం కాదు.

తొందర ఎందుకంటే, నమూనా చట్టంలో ఒక మెలిక ఉంది. ఒప్పందం గురించి రెంట్ అథారిటీకి తెలపకపోతే ఆ చట్టం కింద ఓనరుకైనా కిరాయిదారుకైనా ఏ ఊరటా దొరకదు. అథారిటీ డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గకూడదు. మన దగ్గర ఆ హోదా అంటే ఆర్డీవో. మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ రిజర్వాయర్ల భూసేకరణలో ఊపిరాడకుండా పనిచేసిన ఆఫీసులవి, ఇప్పుడు భూరికార్డుల చట్టం భూభారతి కింద దరఖాస్తులూ అక్కడికే. స్థానిక భాషలో డిజిటల్ వేదిక పెట్టాలని నమూనాలో ఉంది కానీ, పాన్, ఆధార్, ఒప్పందం కాపీ అందులో ఎక్కించేది మాట మీద ఇల్లిచ్చిన అవ్వ కాదు, మేస్త్రీ పనికి వచ్చిన ఒడిశా కుర్రాడూ కాదు. ఆ కాగితం నింపిపెట్టే మనిషి కాలనీలో లేకుండా చట్టం తెస్తే, చదువుకున్నవాళ్ల ఫ్లాట్లకు రక్షణ ఉంటుంది, మిగతావాళ్లు ఇప్పుడున్నట్టే మోటరు స్విచ్చు దయ మీద ఉంటారు. అందుకే బిల్లు ముసాయిదా రాసే రోజే దాని పక్కన శిక్షణ నిబంధనలూ రాయాలి. మొదటి బ్యాచి సర్టిఫికెట్లు తీసుకున్నాకే జిల్లాల వారీగా చట్టం అమలు తేదీ ప్రకటించాలి. ముందుగా సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్ డివిజన్లలో మొదలుపెట్టినా సరిపోతుంది.