కరువు మాది, భత్యం ఎవరిది?

ధరలు పెరిగితే ప్రభుత్వోద్యోగికి ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం లెక్కగడతారు. ఇవ్వొద్దనం. మరి కాశీబుగ్గ, పలాస జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టి చేతులు బొబ్బలెక్కిన మా ఆడోళ్ల కరువు ఏ లెక్కలో ఉంది? కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. 2025 నవంబరులో దాన్ని వేతనాల కోడ్‌లో కలిపేశారు. కిలో లెక్కన పొట్టు తీసే మనిషి దగ్గరికి పాతదీ రాలేదు, కొత్తదీ రాలేదు.

బియ్యం ఇస్తన్నాం కదా అంటారు. 1983లో కిలో 2 రూపాయలు, 2023 జనవరి నుంచి ఉచితం. తింటన్నాం, కాదనం. వట్టి బియ్యం నమిలి బతుకుతామేటి? నూనో, పప్పో, చింతపండో? ఉద్దానంలో కిడ్నీలు పోయి డయాలసిస్‌కి తిరిగే మనిషికి ఆటో కిరాయి ఏ రేషన్ కార్డు ఇస్తాది? 2022 జూలైలో పేరు అచ్చేసిన బియ్యం సంచి మీద, పెరుగు ప్యాకెట్టు మీద 5 శాతం జీఎస్టీ వేశారు. పిక్క కొట్టే ఆమెకీ, యజమానికీ ఒకటే పన్ను. సమానత్వం ఇక్కడొక్కచోటే గుర్తొచ్చింది దొరలకి!

అదే నెల శ్రీలంకలో ధరలకు తాళలేని జనం అధ్యక్షుడి భవనంలోకి నడిచెళ్లారు. ఆయన దేశం విడిచి పారిపోయాడు. మేం అడిగేది అంతకంటే చిన్నది. ప్రతి కార్ఖానా గుమ్మం మీద కూలి రేటు, పక్కనే కరువు భత్యం తెలుగులో రాసి పెట్టండి. తనిఖీకొచ్చే అధికారి యజమాని గదిలో కాదు, పిక్కల దగ్గర కూచుని అడగాలి.