కావలూరు చీకటి, అన్యగ్రహాల గాలి

గుడియాత్తంలో లుంగీ నేసే కార్మికుడు వస్త్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, ఎక్కడ పోగు తప్పిందో క్షణంలో చెప్పగలడు. ఇతర గ్రహాల వాయుమండలాలను శాస్త్రవేత్తలు పరిశీలించే తీరూ ఇంచుమించు ఇటువంటిదే. గ్రహం నుంచి వచ్చే కాంతిని విడదీస్తే, అందులో అక్కడక్కడ నల్లని గీతలు కనిపిస్తాయి. అక్కడి వాయువులు మింగివేసిన కాంతి జాడలవి. ఏ పోగు లోపించిందో తెలిస్తే, ఏ వాయువు ఉన్నదో తెలుస్తుంది.

కంటికి కనిపించని పరారుణ కిరణాలలో ఈ జాడలు మరింత స్పష్టంగా ఉంటాయి. ఇటుక బట్టీ పక్కన చీకటిలో నిలిచినా ఒంటికి సోకే వేడిలో ఉన్నవి ఆ కిరణాలే. శుక్రగ్రహంపై బొగ్గుపులుసు వాయువు ఉన్నదని 1932లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాల ఈ విధంగానే గుర్తించింది.

మన ప్రాంతానికీ ఈ శాస్త్రంలో స్థానం ఉంది. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన వైను బప్పు జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను నెలకొల్పారు. ఆ ఊరు 2019 వరకు వేలూరు జిల్లాలోనే ఉండేది. నేడు తిరుపత్తూరు జిల్లాకు చెందినది. గురుగ్రహపు ఉపగ్రహమైన గానిమీడ్ 1972 జూన్ 7న ఒక నక్షత్రానికి అడ్డు వచ్చింది. ఆ నక్షత్ర కాంతి తగ్గిన తీరును కావలూరులోనూ, ఇండోనేషియాలోని లెంబాంగ్‌లోనూ నమోదు చేశారు. గానిమీడ్‌పై పలుచని గాలి ఉన్నదని దాని ఆధారంగా ప్రకటించారు. ఆ గాలి అనుకున్నదానికంటే ఎంతో పలుచనిదని 1979లో వాయేజర్ నౌక తేల్చింది. 1990లలో హబుల్ దూరదర్శిని అక్కడ ఆక్సిజన్ జాడను కనుగొన్నది. తన లెక్కను తానే సరిదిద్దుకోవడం శాస్త్రానికి లోపం కాదు, బలం.

అయితే పరారుణ పరిశోధనకు కావలూరు అంతగా అనుకూలం కాదు. గాలిలోని నీటి ఆవిరి ఆ కిరణాలను అడ్డగిస్తుంది. కావలూరు ఎత్తు సుమారు 725 మీటర్లే. అందుకే భారత ఖగోళ భౌతిక సంస్థ లద్దాఖ్‌లో సుమారు 4,500 మీటర్ల ఎత్తున, పొడిగాలి వీచే హాన్లేలో రెండు మీటర్ల దూరదర్శినిని స్థాపించింది. 2013లో దానికి పరారుణ పరికరం అమర్చారు. దూరదర్శినిని మాత్రం బెంగళూరు సమీపంలోని హోస్కోట నుంచే నడుపుతారు.

కావలూరుకు ఎత్తు లేకపోయినా చీకటి ఉంది. నక్షత్ర కాంతిని కొలవడానికి అదే పెట్టుబడి. హాన్లే పరిసరాలను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కావలూరు చుట్టూ ఉన్న పల్లెలను చీకట్లో ఉంచమని ఎవరూ కోరరు. వీధి దీపానికి పైన మూత అమర్చి, వెలుగు నేలకే పడేలా చేస్తే చాలు. దారికి వెలుతురు తగ్గదు, ఆకాశమూ మిగులుతుంది. పంచాయతీలు కొత్త దీపాలు వేయించేటప్పుడే ఈ జాగ్రత్త తీసుకోవాలి. మరో లోకపు గాలిని వెదకిన కొండ మన పొరుగునే ఉన్నదన్న సంగతి మన పిల్లలు పుస్తకంలో చదివితే సరిపోదు. తలెత్తి చూసినప్పుడు నక్షత్రాలూ కనిపించాలి.