క్రీడారంగమునకు కావలి యెవరు?

2030వ సంవత్సరపు కామన్వెల్తు క్రీడలను అహమ్మదాబాదు నగరమున జరుపుటకు 2025 నవంబరు 26వ తేదీన గ్లాస్గోలో కూడిన మహాసభ ఆమోదము నొసంగినది. దేశమునకిది గౌరవమే. 2010లో ఢిల్లీ చూచిన యీ ఉత్సవము ఇరువదియేండ్లకు మరల మన గడ్డకు రానున్నది. 2036 నాటి ఒలింపిక్సును గూడ తెచ్చుకొనవలెనని ప్రభుత్వమువారు ఉవ్విళ్లూరుచున్నారు. స్టేడియములెన్ని, రహదారులెన్ని, ఖర్చెంత యను మాటలు విరివిగా వినవచ్చుచున్నవి. ఆటగాండ్రకును, అతిథులకును, టిక్కెట్టు కొని వచ్చు సామాన్యునకును రక్షణ కల్పించువారెవరు, ఏ చట్టము ననుసరించి కల్పింతురు, లోపము జరిగినప్పుడు జవాబు చెప్పవలసిన వారెవరు అను ప్రశ్నకు మాత్రము, ఇది రహస్యము, అడుగరాదు అను సమాధానమే ఎల్లవేళల వచ్చుచుండును.

రహస్యమను మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఏ మేడమీద ఏ తుపాకి నిలిపిరో చాటింపు వేయుడని మేము కోరుట లేదు. కాని అధికారము యొక్క హద్దులు రహస్యములు కావు. బాధ్యుని పేరు రహస్యము కాదు. ఈ రెంటిని దాచిన చోట్ల ఏమి జరిగినదో గత యేబదియేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

మ్యూనిక్ కథ అందరెరిగినదే యైనను, దానిలో మరచిపోయిన భాగమొకటి కలదు. 1936 నాటి బెర్లిను క్రీడల మచ్చను తుడుచుకొనవలెనని జర్మనులు 1972లో యూనిఫారముల ఆడంబరము లేని, నవ్వుముఖముల ఉత్సవమును తలపెట్టిరి. కావలివారు లేతనీలపు దుస్తులు ధరించి, ఆయుధములు లేక తిరుగుచుండిరి. ఈ సదుద్దేశమును మేము పరిహసింపము. కాని పోలీసుశాఖవారికి సలహా లిచ్చుచుండిన మనశ్శాస్త్రవేత్త యొకరు, సంభవింపగల ఉపద్రవములను 26 రకములుగా వ్రాసి ముందే సమర్పించితిననియు, వానిలో 21వది తరువాత జరిగిన ఘోరమును రమారమి అక్షరాల పోలియున్నదనియు వెల్లడించిరి. ఆ కాగితము ఫైలులోనే మిగిలెను. సెప్టెంబరు 5వ తేదీ తెల్లవారకముందే ఎనమండుగురు సాయుధులు కంచె దాటి క్రీడాగ్రామమున జొచ్చిరి. ఇస్రాయేలు జట్టువారిలో ఇద్దరిని అచ్చటనే చంపి, తొమ్మండుగురను బందీలుగా పట్టిరి. పోలీసులు ఇంటికప్పు లెక్కుచుండగా టెలివిజను వారు ఆ దృశ్యమును లోకమునకెల్ల చూపుచుండిరి. లోపలి దుండగులకు గూడ టెలివిజను కలదని ఎవరికిని తోచలేదు. ఆ రాత్రి విమానాశ్రయమున ఎనమండుగురు సాయుధులకెదురుగా నిలిపినది ఐదుగురు తుపాకిగాండ్రను. వారికి తగిన శిక్షణ లేదు. ఒకరితో నొకరు మాటలాడుకొను సాధనము లేదు. తొమ్మండుగురు బందీలును, జర్మను పోలీసు ఒకడును మరణించిరి. ప్రత్యేకదళము నేర్పరచుట ఆ తరువాతి పని. మృతుల కుటుంబములకు 2 కోట్ల 80 లక్షల యూరోల పరిహారము కుదిరి, జర్మను రాష్ట్రపతి క్షమాపణ వేడునప్పటికి 2022వ సంవత్సరము వచ్చినది. యేబదియేండ్లు! భర్తను పోగొట్టుకొన్న యువతి ముదుసలి యగుటకు చాలిన కాలము.

మ్యూనిక్ తరువాత ప్రభుత్వములు మేలుకొన్నవి. మేలుకొని రెండవ దెసకు పరుగిడినవి. 2012లో లండను నగరము నదిలో యుద్ధనౌకను నిలిపెను, నివాసగృహముల కప్పులపై క్షిపణుల నెక్కించెను. తమ మేడమీద క్షిపణి వలదని అద్దెదారులు న్యాయస్థానమున కేగి, ఓడి తిరిగివచ్చిరి. ఇంత బలమును ప్రదర్శించిన ప్రభుత్వము, గేటు కడ సంచులు వెదకు పనిని జీ4ఎస్ అను కంపెనీకి కాంట్రాక్టునకిచ్చెను. 10,400 మందిని సమకూర్చెదనన్న కంపెనీ, క్రీడలకు రెండువారములుండగా ఆ సంఖ్యను సమకూర్ప జాలనని చేతులెత్తెను. అప్పటికప్పుడు 3,500 మంది సైనికులను, పిమ్మట మరి 1,200 మందిని రప్పింపవలసి వచ్చెను. కొందరి సెలవులు రద్దయినవి. ఇది సిగ్గుచేటైన వ్యవహారమని కంపెనీ పెద్ద పార్లమెంటు ఉపసంఘము నెదుట ఒప్పుకొనెను. అంతమట్టునకు మెచ్చవలసినదే: అచ్చట అడుగుటకొక ఉపసంఘమైన నుండెను.

ప్యారిస్ పాఠము మనకింకను దగ్గరిది. 2022 మే 28న అచ్చటి స్తాద్ ద ఫ్రాన్స్ మైదానమున యూరపు ఫుట్‌బాల్ తుదిపోటీకి వచ్చిన లివర్‌పూల్ అభిమానులను ఇరుకుదారిలో క్రిక్కిరియ నిలిపి, పసిపిల్లలున్నారని గూడ చూడక బాష్పవాయువు ప్రయోగించిరి. ఆట అరగంటకు పైగా ఆలస్యమాయెను. ముప్పది నలువది వేలమంది దొంగటిక్కెట్లతోనో, టిక్కెట్టే లేకయో వచ్చిరని దేశాంతరంగ మంత్రి సెలవిచ్చెను. గేట్లకడ యంత్రములు పట్టిన దొంగటిక్కెట్లు రమారమి 2,600! నింద అభిమానులపై మోపుట అన్యాయమని సెనేటు వారి విచారణలో తేలెను. సత్యమును చూపగల చిత్రములు స్టేడియము కెమేరాలలో నుండెను గదా యందురా? ఏడుదినములలోపల ఎవరును కోరలేదు గనుక అవి తమంత తామే చెరిగిపోయినవి. కెమేరాకు జనుని తప్పు మాత్రమే జ్ఞాపకముండి, ప్రభుత్వపు తప్పు మరపునకు వచ్చుట చోద్యము కాదా?

మరుసటి యేడాది, 2023 మే 19న, ఫ్రాన్సు ప్రభుత్వము ఒలింపిక్సు చట్టము చేసెను. జనసమూహములను కృత్రిమమేధతో పరిశీలించు కెమేరాలకు దానిలో అనుమతి గలదు. ముఖములను గుర్తించు పద్ధతిని నిషేధించుటయు, 2025 మార్చి 31తో ఈ ప్రయోగము ముగియునని గడువు పెట్టుటయు అందలి మంచి. క్రీడలు ముగిసిన తరువాత వచ్చిన పరిశీలకసంఘపు నివేదికలో, ఆ యంత్రములు కొన్ని పనులలో అక్కరకు వచ్చినవనియు, విడిచిన సంచిని, క్రిందపడిన మనిషిని, మంటను కనిపెట్టుటలో తడబడినవనియు తేలెను. అయినను గడువు ముగియవచ్చునప్పటికి, రైళ్ల రక్షణకై చేసిన వేరొక చట్టములో దానిని 2027 దాక పొడిగించు నిబంధనను చొప్పించిరి. ఈ నిబంధనకు ఆ చట్టముతో సంబంధము లేదని 2025 ఏప్రిలులో రాజ్యాంగమండలి కొట్టివేసెను. అంతట ఊరకుండక 2030 శీతకాలపు ఒలింపిక్సు బిల్లులో మరల దానినే చేర్చిరి. విందుకు వచ్చిన చుట్టము ఇల్లు వదలక, గదికొక సాకు చెప్పి పడకవేసినట్లున్నది.

ఇంత చేసినను, 2024 జూలై 26న సేన్ నదీతీరమున 45,000 మంది రక్షకభటులు నిలిచియున్న దినముననే, తెల్లవారుజామున దూరప్రాంతములందు రైలుమార్గపు కేబుళ్లను తగులబెట్టి దుండగులు లక్షలమంది ప్రయాణికులను నిలిపివేసిరి. కావలియున్నది నదికడ, దెబ్బ తగిలినది పట్టాలపై.

ఇక మన యింటికి వత్తము. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులోనే ప్రపంచ క్రికెట్టు తుదిపోటీ జరిగినది. తొంబదివేలకు పైగా జనము కూడిరి, ప్రధానమంత్రిగారును విచ్చేసిరి. ఇన్నివేల జేబులు వెదకిన బందోబస్తు నడుమ విదేశీయుడొకడు కంచె దాటి పరుగెత్తిపోయి విరాట్ కోహ్లీ భుజముపై చేయి వేసెను. వానియొద్ద నున్నది పాలస్తీనాను గూర్చిన వ్రాతగల చొక్కాయు, ముఖమున ముసుగును మాత్రమే గనుక సరిపోయినది. మన ద్వారపాలకులు నీళ్లసీసాను పట్టుటలో నేర్పరులు.

అంతకంటె పెద్ద విషయమొకటి కలదు. మన దేశమున ఆటచూడవచ్చినవాడు బాంబువలన కంటె గేటువలన నెక్కువగా భయపడవలసి యున్నది. 2022 సెప్టెంబరు 22న సికిందరాబాదు జింఖానా మైదానమున ఆస్ట్రేలియాతో జరుగు పోటీకి టిక్కెట్ల నమ్మునపుడు తొక్కిసలాట జరిగి, లాఠీలు లేచి, పలువురు గాయపడిరి. 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియము వెలుపల విజయోత్సవము చూడవచ్చిన 11 మంది నలిగి మరణించిరి. ఆ గేట్లకడ ఏ శత్రువు లేడు. ఎందరు వత్తురను లెక్క లేదు. ఏ దారిన పోవలెనో చెప్పు మనిషి లేడు. జనమును కాపాడుట, జనమునుండి కాపాడుకొనుట అను రెండు వేరువేరు పనులలో మన అధికారులు రెండవదానినే రక్షణ యనుకొనుచున్నారు. 2010లో ఢిల్లీ పేదల గుడిసెలు అతిథుల కంటబడకుండ తడికలు కట్టినదియు, వీథివర్తకులను తరిమినదియు ఈ బుద్ధియే. ఆ శ్రద్ధ వంతెనపై పెట్టియున్నచో, క్రీడలకు పండ్రెండు దినములుండగా నెహ్రూ స్టేడియము కడ నడకవంతెన కూలి ఇరువదిమందికి పైగా కూలీలు గాయపడకయుందురేమో!

కావున మేము కోరునది స్పష్టము. 2030 క్రీడల రక్షణకై ప్రత్యేకమగు చట్టమొకటి పార్లమెంటు చేయవలెను. ఏ యధికారి సర్వబాధ్యుడో అందు వ్రాయవలెను; కేంద్రము రాష్ట్రముపైనను, రాష్ట్రము క్రీడాసంఘముపైనను, సంఘము కాంట్రాక్టరుపైనను నెపము నెట్టుటకు సందుండరాదు. తొక్కిసలాట నివారణ రక్షణప్రణాళికలో మొదటి ప్రకరణము కావలెను. కెమేరాల చిత్రములను విచారణ ముగియుదాక భద్రపరచవలెను. 2023 నాటి డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణచట్టపు 17వ సెక్షను, తాను ప్రకటించిన ప్రభుత్వసంస్థలను ఆ చట్టమునుండియే తప్పించు వీలును కేంద్రమునకిచ్చియున్నది. క్రీడల పేర ఈ మినహాయింపును వాడుకొందురా లేదా ముందే చెప్పవలెను. క్రీడలకై తీసికొను ప్రతి ప్రత్యేకాధికారమునకును ముగింపు తేదీ చట్టములోనే యుండవలెను. పొడిగింపదలచినచో వేరొక బిల్లు చాటున గాక, బహిరంగముగా పార్లమెంటు నడుగవలెను.

ఇట్టి చట్టమువలన పోలీసుల చేతులు కట్టబడునని కొందరనవచ్చును. మ్యూనిక్ పోలీసుల చేతులను ఏ చట్టమును కట్టలేదు. వారికి లేనివి శిక్షణయు, ఆజ్ఞయిచ్చు నాథుడును. 2030కి లోపల పార్లమెంటు సమావేశములు పెక్కు గలవు. ఈ బిల్లును కట్టకడపటి సమావేశమునకు, అర్ధరాత్రి చర్చకు త్రోయక, సభ్యులు చదివి, ప్రజలు విని, ఆక్షేపణలు తెలుపుకొను వ్యవధి యుండునట్లు ముందుగనే ప్రవేశపెట్టవలెనని ప్రభుత్వమువారిని హెచ్చరించుచున్నాము.