విప్పుటకు ముందు కొలువవలెను

నాడి చూడకయే మందు వ్రాయు వైద్యుని ఎవరును మెచ్చరు. యంత్రముల విషయమున మాత్రము ఆ పద్ధతియే లోకసమ్మతమైనది. నిజామాబాదు పట్టణమునగాని, బోధను మార్గమునగాని పాత కారొకటి మిట్ట ఎక్కలేక ఆయాసపడినచో, దాని గొట్టమునుండి నీలిపొగ వెడలినచో, “ఇంజన్ల దమ్ము లేదు, బోరుకొచ్చింది” అను తీర్పు తక్షణమే వెలువడును. యజమాని తల యూపును. పానాలు కదలును. సాయంకాలమునకు ఇంజను ముక్కలై నేలపై పరచబడి యుండును. దమ్మెంత యున్నదో కొలిచినవారు మాత్రము కానరారు.

ఈ జిల్లావారికి కొలత క్రొత్త కాదు. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. ఆ నీటి యండతో చెరకు పెరిగినది. 1937లో బోధనున నిజాము చక్కెర కర్మాగారము నెలకొన్నది. 2015లో అది మూతపడువరకు ఎన్నో కుటుంబములు దాని నాశ్రయించి బ్రదికినవి. చెరకుబండిని కంటితో చూచి “ఇది రెండు టన్నులుండును” అని ఎవరైన లెక్క కట్టినచో రైతు ఒప్పుకొనునా? కాంటా ఎక్కించుమని పట్టుబట్టును. కాంటాపై ఇంత పట్టుదల గల రైతు తన బండి ఇంజను సంగతిలో కంటిచూపుతోనే తృప్తిపడుట వింత కాదా?

కొలుచుట దుస్సాధ్యమైన విద్య కాదు. పెట్రోలు కారునకు కావలసినది ఒక ప్రెషరు గేజి, ప్లగ్గు విప్పు పానా, తోడుగా ఒక మనిషి. ఇంజనును కొంత నడిపి వెచ్చచేయవలెను. గేరు న్యూట్రలునందుంచి, చేతిబ్రేకు బిగించి, ప్లగ్గులకు పోవు విద్యుత్తును, ఇంధనమును ఆపివేయవలెను. ప్లగ్గులన్నిటిని తీసి, ఒక రంధ్రమున గేజిని బిగించి, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి, స్టార్టరుతో ఇంజనును నాలుగైదు సార్లు ఊపిరి తీయునట్లు త్రిప్పవలెను. ముల్లు నిలిచిన అంకెను వ్రాసికొని తరువాతి సిలిండరునకు పోవలెను. బ్యాటరీ నీరసించి యున్నచో అంకెలన్నియు తగ్గి మోసము చేయును.

ఆరోగ్యవంతమైన పెట్రోలు ఇంజనులో ఈ అంకె సాధారణముగా చదరపు అంగుళమునకు 120 మొదలు 180 పౌనుల వరకు ఉండును. అయినను అంకెకన్న అంకెల మధ్య పొందిక ముఖ్యము. మూడు సిలిండర్లు 150 చూపగా నాల్గవది 95 చూపినచో దోషి పట్టుబడినట్లే. అందులో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలిచినప్పుడు అంకె బాగుగా పెరిగినచో రింగులో, సిలిండరు గోడలో అరిగినవని అనుమానింపవచ్చును. పెరుగనిచో వాల్వులవైపు చూడవలెను. ప్రక్కప్రక్కనున్న రెండును తగ్గినచో వాటి నడుమ హెడ్డు గాస్కెట్టు చెడి యుండవచ్చును. అన్నియు చక్కగా నున్నచో, నీలిపొగకు వాల్వు సీళ్ల వంటి చిన్న వస్తువే కారణమై యుండవచ్చును. అప్పుడు ఇంజనంతయు విప్పించుట ధనమును నీటిపాలు చేయుటయే. డీజిలు ఇంజనులో ఒత్తిడి ఇంతకు రెట్టింపును మించి యుండును. దానికి వేరు గేజి కావలెను. అది ఇంటి ప్రయోగమునకు తగదు.

ఇది మిస్త్రీలను అవమానించుట యని కొంద రనవచ్చును. అది పొరపాటు. ఇరువదేండ్ల అనుభవము గల చెవి సామాన్యమైనది కాదు. నిజమైన పనివాడు అంకెకు వెరవడు. తన మాటకు అంకె సాక్ష్యమిచ్చినప్పుడు అతని గౌరవము పెరుగును. అంకెకు వెరచువాడు ఊహను అమ్ముకొనువాడే.

ఈ పని పాఠశాలకును సంబంధించినదే. 1662 నాటి బాయిలు నియమమును విద్యార్థులు వల్లించుచున్నారు. గాలిని తొమ్మిదవ వంతునకు నొక్కినచో, ఆ నియమము ననుసరించి గేజి సుమారు 118 పౌనులు చూపవలెను. కారునందు అది 150 చూపినచో పుస్తకము తప్పా, గేజి తప్పా? రెండును కావు. నొక్కబడిన గాలి వేడెక్కును. బాయిలు మాట ఉష్ణోగ్రత మారనప్పటిది. ఆ వేడియే డీజిలును నిప్పురవ్వ లేకుండ మండించును. ఈ ఒక్క ప్రశ్న విద్యార్థి మనస్సులో నాటుకొన్నచో పది పుటల కంఠస్థముకన్న మేలు.

పుస్తకము “సంపీడనము” అనును. మిస్త్రీ “దమ్ము” అనును. రెండును ఒకటే యని విద్యార్థికి తెలియకుండుట భాషకును నష్టమే. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము సేద్యగాండ్ర మాటలను పండితుల ఎదుట నిలిపినది. మెకానిక్కుల మాటలకును ఆ గౌరవము దక్కవలెను. ఉపాధ్యాయుడు ఒక సెలవుదినమున విద్యార్థులను పాత కారు వద్దకు తోడ్కొనిపోయి, మిస్త్రీని ప్రక్కన నిలుపుకొని, గేజిని వారి చేతికిచ్చినచో, విజ్ఞానమును భాషయు ఒకేచోట కలిసికొనును. తీర్పునకు ముందు సాక్ష్యము కోరు అలవాటు ఆ పిల్లలకు అబ్బును. అది ఇంజనులకు మాత్రమే ఉపకరించు అలవాటు కాదు.