మెత్తని రబ్బరా, గట్టి రబ్బరా?



టేబులు టెన్నిసు మన గృహములకు మిక్కిలి యనుకూలమైన క్రీడ. ఎండవానల బాధ లేదు. విశాలమైన మైదానము నక్కరలేదు. తొమ్మిదడుగుల పొడవును, అయిదడుగుల వెడల్పును గల బల్ల యొకటి, మూడు గ్రాములైనను తూగని బంతి యొకటి యున్న చాలును. తల్లియు కూతురును, అత్తయు కోడలును గూడ నాడుకొనవచ్చును. మన హైదరాబాదు వనిత ఆకుల శ్రీజ 2022లో బర్మింగుహాము కామన్వెల్తు క్రీడలయందు ఆచంట శరత్ కమల్‌తో గూడి స్వర్ణపతకము నొందినది. 2024లో పారిసు ఒలింపిక్సున స్త్రీల సింగిల్సునందు చివరి పదునార్గురిలో నిలిచినది. ఆమె యాట చూచిన బాలికలు తమకును బ్యాటు కావలెనని యడుగుట సహజమే.

చిక్కంతయు బ్యాటు కొనునప్పుడే వచ్చును. ఇచ్చవచ్చిన చెక్కకు ఇచ్చవచ్చిన రబ్బరు నంటించి యిచ్చెదమని దుకాణదారుడు చెప్పి, "మెత్తనిదా, గట్టిదా?" యని యడుగును. తండ్రికి తెలియదు, తల్లిని ఎవరును అడుగరు. తుదకు, ప్రసిద్ధులైన ఆటగాండ్రు వాడునది యేదో అదియే కొనిపెట్టిన బిడ్డకు మేలగునని తలచి, ఇంటి ఖర్చులు తగ్గించుకొనియైనను ఎక్కువ వెలగల గట్టి రబ్బరునే తెత్తురు. దీనివలన ధనమొక్కటియే నష్టమైన చింతలేదు. అంతకంటె పెద్ద నష్టము కలుగుచున్నది గనుకనే ఈ మాసమున దీనిని గూర్చి వ్రాయుచున్నాను.

ముందుగా రబ్బరనగా నేమో తెలిసికొందము. చెక్కపై స్పాంజి యొక పొర. దానిపై పలుచని రబ్బరు తొడుగు మరియొక పొర. తొడుగు లోపలివైపున చిన్న చిన్న బొడిపెలుండి స్పాంజి నంటియుండును. పైవైపు నున్నగానుండి బంతిని పట్టుకొనును. జిగురుతో సహా ఈ రెండు పొరలును గలిసి 4 మిల్లీమీటరులకు మించరాదని యంతర్జాతీయ నియమము. మెత్తన యనియు గట్టి యనియు మనమనునది ముఖ్యముగా స్పాంజియొక్క గుణమే. బొడిపెలు బయటికి గల రకములును గలవు; అవి వేరొక విద్య, ప్రస్తుతము మనకు వలదు.

స్పాంజి యీ యాటలో ప్రసిద్ధి కెక్కిన కథ మన దేశమునందే జరిగినది. 1952లో బొంబాయి నగరమున ప్రపంచపోటీలు జరిగెను. జపాను దేశీయుడగు హిరోజీ సటో మందమైన స్పాంజి బ్యాటుతో వచ్చి పురుషుల సింగిల్సున విజేత యయ్యెను. అంతవరకు బంతి తగిలిన చప్పుడును బట్టి దాని వేగము నెరుగుచుండిన ప్రత్యర్థులు, చప్పుడే లేని యా దెబ్బలకు తబ్బిబ్బైరి. పిమ్మట 1959లో స్పాంజి మందమునకు నియమము లేర్పడెను. ఆ బొంబాయి పోటీలయందే స్త్రీల సింగిల్సున గెలిచిన రుమేనియా వనిత ఏంజెలికా రోజియాను, 1950 మొదలు 1955 వరకు వరుసగా ఆరుమారులు జగద్విజేత్రిగా నిలిచెను. స్పాంజి రాకముందును ఆమెయే, వచ్చిన తరువాతను ఆమెయే! కావున సాధనముకన్న సాధనయే మిన్న. అయినను తగని సాధనము సాధనను చెరచును.

ఎట్లన, మెత్తని స్పాంజి దిండువంటిది. చేయి మెల్లగా కదలినను బంతి దానిలోనికి దిగి, కొంచెము నిలిచి, స్పాంజి తనంత తానే నెట్టగా పైకి లేచును. అందుచే కొలదిబలముతో గొట్టినను బంతి వల దాటును. ముందునకు దొర్లునట్లు త్రిప్పి కొట్టుటయు సులభముగా నలవడును. అయితే దీనికిని దోషములు గలవు. బలముగా గొట్టినప్పుడు స్పాంజి పూర్తిగా నణగిపోయి, బంతి చెక్కను తాకినట్లే యగును. అంతకుమించి యెంత బలము చూపినను ఫలము పెరుగదు. వలదగ్గర సుకుమారముగా నుంచవలసిన బంతియు, స్పాంజి నెట్టుటచే, ఒక్కొక్కప్పుడు అనుకొన్నదానికన్న ఎత్తుగా లేచును.

గట్టి స్పాంజి పీటవంటిది. అది తనంత తానేమియు నీయదు. చేతినుండి పొందినదానినే తిరిగి యిచ్చును. భుజము, నడుము, మణికట్టు కలిసి వేగముగా కదలినప్పుడు మాత్రమే బంతి దానిలోనికి దిగి, మెత్తని రబ్బరున సాధ్యముకాని వేగమును, భ్రమణమును పొందును. చిన్నబంతిని చిన్నదిగానే యుంచుటకును అది మేలు. కాని చేయి తడబడినచో బంతి నేరుగా వలలో పడును. దినమునకు పలుగంటలు అభ్యసించువారికి తగినది, వారమునకు రెండు సాయంకాలములు ఆడువారికి తగదు. ఉత్తరకుమారుని చేతికి గాండీవ మిచ్చినంతమాత్రమున అతడు పార్థుడగునా?

నేనెరిగిన యొక బాలిక, పండ్రెండేండ్లది, పాఠశాలలోని పాత బ్యాటుతో చక్కగా ఆడుచుండెడిది. మేనమామ ముచ్చటపడి ఎంతో గట్టిదైన రబ్బరు బ్యాటు తెచ్చియిచ్చెను. అది మొదలు బంతులన్నియు వలలో పడసాగెను. పిల్ల మరింత బలముగా గొట్టబోయి భుజము నొప్పి తెచ్చుకొనెను. పెద్దలు "ఆడుపిల్ల చేతికి ఈ యాట రాదులే" యని తేల్చిరి. బ్యాటు అటక యెక్కినది. రబ్బరు తప్పును చేతికి అంటగట్టుట యిదియే. మగపిల్లవాడైనచో "బ్యాటు బాగులేదేమో" యని మొదట ననుకొందురు. ఆడుపిల్ల విషయమున ఆ యనుమానమే పుట్టదు. పిదప మెత్తని రబ్బరంటించి యిచ్చినప్పుడు ఆ బాలిక మరల బల్లయొద్దకు వచ్చినది. కాని నడుమ ఒక సంవత్సరము వృథాగా గడచెను.

కొనునప్పుడు డబ్బాపై నుండు అంకెలచే మోసపోకుడు. గట్టితనమును డిగ్రీలలో చెప్పుదురు గాని, అన్ని దేశములవారి కొలమానము ఒక్కటి కాదు. జర్మనీ కొలతలో సుమారు 35 మొదలు 40 వరకు మెత్తనివి. 42 మొదలు 45 వరకు నడిమివి. 47 దాటినవి గట్టివి. చైనావారి 39 డిగ్రీల రబ్బరు జర్మనీవారి 45 కన్న గట్టిగా నుండును. జపానుకు చెందిన బటర్‌ఫ్లై సంస్థవారి టెనర్జీ 05 రబ్బరునకు వారి లెక్కలో 36 డిగ్రీలే. దానిని జర్మనీ లెక్కలోని 36 అనుకొని మెత్తనిదని కొనిన పొరపాటే. అంకె నడుగుటకు ముందు అది యెవరి కొలతయో అడుగవలయును.

ఇక నా సలహా. క్రొత్తగా నేర్చుకొను బాలికలకును, ముప్పదియేండ్లు దాటి యాట మొదలిడు తల్లులకును జర్మనీ కొలతలో 40 డిగ్రీల ప్రాంతమునందలి రబ్బరు, స్పాంజి మందము 1.8 మిల్లీమీటరులు చాలును. మందము హెచ్చినకొలది వేగము హెచ్చును, అదుపు తగ్గును. మిక్కిలి మెత్తనిదియు వలదు. అది చేతి లోపములను కప్పిపుచ్చును. దెబ్బ కుదిరిన పిమ్మట ఫోర్‌హ్యాండు వైపు నడిమిదానికి మారవచ్చును. బ్యాక్‌హ్యాండు దెబ్బకు చేయి తిరుగు చోటు తక్కువ గనుక ఆవైపు మెత్తనిదే యుంచుట మేలు. మారవలసిన కాలమును ఇట్లు తెలియుడు: స్నేహితురాలి బ్యాటు తీసికొని, రెంటితోను ఇరువదేసి బంతులు అలవాటైన బలముతోనే కొట్టుడు. గట్టిదానితో ఎక్కువ బంతులు వలలో పడిన, ఇంకను సమయము రాలేదు. మెత్తనిదానితో గట్టిగా గొట్టినను వేగము పెరుగనిచో, సమయము వచ్చినది.

పోటీలకు పోవువారు రబ్బరుపై అంతర్జాతీయ సమాఖ్య ముద్ర యున్నదో లేదో చూడవలయును. ఒకవైపు నలుపు తప్పనిసరి; రెండవవైపునకు ఎరుపే కాక గులాబి, ఊదా, ఆకుపచ్చ, నీలము రంగులును 2021 అక్టోబరు నుండి అనుమతింపబడినవి. ఆట ముగిసిన వెంటనే తడి స్పాంజితో తేలికగా దుమ్ము తుడిచి, ఆరిన పిమ్మట పలుచని ప్లాస్టికు పొర కప్పి భద్రపరచుడు. ఎండలో నిలిపిన కారులోను, పొయ్యి దగ్గరను ఉంచకుడు. మెత్తని రబ్బరు అంచులు త్వరగా చిట్లును గనుక బల్లకు తగులనీయకుడు.

వెల హెచ్చైన కొలది మంచిదను భ్రమ చీరల విషయమున మనకెన్నడో తీరినది; బ్యాటుల విషయమునను తీరవలయును. బిడ్డ కొట్టిన బంతి వలలో పడినప్పుడు ముందుగా రబ్బరును పరీక్షింపుడు; చేతిని నిందించుటకు తరువాత కావలసినంత తీరిక యున్నది.